కబురుకి కొత్త మాటలు నేర్పిన బ్రాకెట్ల రమణి

గూడెం కొత్తవీధిలో బస్సు దిగి రమణి ఆఫీసెక్కడ అని అడిగితే, ఏ రమణి అని ఎదురు ప్రశ్న వస్తుంది. బ్రాకెట్ల రమణి అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యెత్తి కిరాణా కొట్టు మీది గది చూపిస్తారు. ఆ పేరు పెట్టింది ఆ కొట్టు నడిపే వరహాలరావే. నర్సీపట్నం నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. ఒకరోజు టీ గ్లాసులు పట్టుకుని పైకొచ్చి, ఆవిడ వెనక నిలబడి కంప్యూటరు తెర కేసి చూసి, "ఇదేటి రమణమ్మా, అన్నీ బ్రాకెట్లే! మద్దెలో అచ్చరాలు ఏరుకోవాలేటి?" అన్నాడు. సాయంత్రానికి ఆ మాట సంతంతా పాకిపోయింది. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. ఆ బ్రాకెట్లంటే ఆవిడకి నిజంగానే ఇష్టం.

నా పేరు కమల. ఆవిడ దగ్గర ఎనిమిదేళ్ల నుంచి పనిచేస్తున్నాను. నాకంటే పదేళ్లు పెద్దది కాబట్టి రమణక్క అంటాను.

మా పనిని అందరూ కబురు ఫోను అంటారు. కొండల మీది ఊళ్లలో సిగ్నలు ఊరంతా దొరకదు. ఊరికో రాయో గట్టో ఉంటుంది, దాని మీదకెక్కితేనే ఫోను పలుకుతుంది. అక్కడ నిలబడి మా నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే మా యంత్రం తిరిగి ఫోన్ చేసి ఆ ఊరి కబుర్లు వినిపిస్తుంది. డాక్టరు ఏ రోజు వస్తాడు, రేషను బండి ఏ మలుపు దాకా వస్తుంది, ఘాట్ రోడ్డులో బండ పడి బస్సు ఆగిందా, కాఫీ మొక్కలు ఎప్పుడు పంచుతారు, ఇలాంటివి. తొందర కబురైతే, ఎవరో ఒకరు ఆ రాయి దగ్గర ఎత్తేదాకా, యంత్రమే అన్ని ఊళ్లకీ ఫోన్ చేస్తుంది. ముందు కొండవాళ్లు మాట్లాడుకునే కువి భాషలో, తర్వాత తెలుగులో. తెలుగు గొంతు నాది. కువి గొంతు సోములమ్మది.

సోములమ్మది తేనెగొంది అనే కొండ ఊరు. అరవై దాటింది. అక్షరం ముక్క రాదు. మైకుని కాల్చిన మొక్కజొన్న పొత్తులా రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని మాట్లాడుతుంది. ఒక వాక్యం చెప్పమంటే దానికి ముందొకటి, వెనకొకటి తగిలిస్తుంది. అవి కత్తిరించబోతే, "ఉంచవే గుంటా, ఊరికే పీక కోసినట్టు సెప్తారేటి ఎవులైనా?" అంటుంది.

రమణక్కది ఇప్పలబంద అనే ఇంకో ఊరు. ఆశ్రమ పాఠశాలలో చదివి, పాడేరులో కంప్యూటరు డిప్లొమా చేసింది. తర్వాత ఐదేళ్లు జెరాక్సు కొట్టులో కుల ధ్రువీకరణ పత్రాల దరఖాస్తులు టైపు చేసింది. భర్త రవికుమార్ చింతపల్లి రోడ్డులో జీపు నడుపుతాడు. ఒక చిన్న సంస్థ వాళ్లు ఈ ఫోను సేవ మొదలుపెట్టినప్పుడు టైపు చేయడానికే ఆవిడని పెట్టుకున్నారు. ప్రోగ్రాం రాసిన కుర్రాడు మూడు నెలలకే వేరే ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. అతను రాసింది స్కీమ్ అనే కంప్యూటరు భాషలో. లిస్ప్ అనే పాత భాష కుటుంబంలోది, రాతంతా బ్రాకెట్లే. చుట్టుపక్కల ఆ భాష వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. సంస్థవాళ్లు ఇంకొకర్ని వెతికేలోగా రమణక్క ఇంటర్నెట్టులో దొరికిన పాఠాలన్నీ ప్రింటు తీసుకుని, జీపులో ముందు సీట్లో కూర్చుని వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చదివి, తనే నేర్చేసుకుంది.

"అందులో ఏముంది రమణక్కా అంత?" అని నేను అడిగాను ఒకసారి.

"మిగతా భాషల్లో ఆళ్లు ఇచ్చిన మాటలతోటే బతకాల కమలా. ఇందులో అయితే మనమే దానికి కొత్త మాట నేర్పొచ్చు. నేర్పినాక అది కూడా ముందునుంచీ ఉన్న మాట లాగే ఉంటాది" అంది.

అలా నేర్పే పద్ధతిని మాక్రో అంటారు. నాకు అర్థమైనంతలో చెబుతాను. మనం పొట్టిగా ఒక ముక్క రాస్తాం. ప్రోగ్రాం నడవడానికి ముందే కంప్యూటరు ఆ ముక్కని విప్పి, మనం ముందుగా చెప్పిపెట్టిన వరుసలో పొడుగాటి ప్రోగ్రాంగా మార్చుకుంటుంది. రమణక్క చేసిన పెద్ద మాక్రో పేరు కూడా కబురే. ఊళ్లో మా తరఫున ఉన్న కార్యకర్త తన ఫోనులో బ్రాకెట్టు పెట్టి "కబురు డాక్టరు గురువారం తేనెగొంది" అని రాసి బ్రాకెట్టు మూస్తే చాలు. మాక్రో దాన్ని విప్పి, మేము ముందే రికార్డు చేసి పెట్టిన ఊళ్ల, రోజుల, మనుషుల పేర్లలోంచి సోములమ్మ గొంతులోని ముక్కలు ఏ వరుసలో రావాలో, నా గొంతులోవి ఏ వరుసలో రావాలో, ఎన్నిసార్లు వినిపించాలో, ఎప్పుడు ఆపెయ్యాలో అంతా రాసేస్తుంది. పది ఊళ్ల కార్యకర్తలకి బ్రాకెట్టు తెరవడం, మూయడం వస్తే సరిపోయింది.

చిక్కల్లా ఒక్కటే. డాక్టరు, బస్సు, రేషను, సంత, సమావేశం, ఇలా ప్రతి రకం కబురూ ఎలా విప్పాలో ఆ మాక్రో కడుపులోనే రాసి ఉండేది. కొత్త రకం కావాలంటే రమణక్కకి ఫోన్ చెయ్యాలి. ఆవిడ మాక్రో తెరిచి, అందులో ఇంకో ముక్క అతికి, మూసేది. మూడేళ్లలో అది నలభై ఆరు రకాలయ్యింది. మాక్రో నాలుగొందల వరుసలు దాటింది. దాన్ని ఇంకెవరూ ముట్టుకునేవాళ్లు కాదు. రమణక్క ముట్టుకోనిచ్చేదీ కాదు.

"ఒక బ్రాకెట్టు తప్పితే పది ఊళ్ల ఫోన్లూ మూగబోతాయి. నా సెయ్యే పడాల దాని మీద" అనేది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో కాస్త గర్వం కూడా ఉండేది. అన్నం తింటుండగా ఫోను మోగేది. "అక్కా, ఏనుగులు వచ్చినాయని సెప్పాల, అందులో ఏనుగుల్లేవు" అని ఎవరో. ఎడంచేత్తోనే ఫోను పట్టుకుని, "సాయంత్రానికి పెడతాను ఏనుగుల్ని" అనేది. నాకు నవ్వొచ్చేది.

అలా ఉండగా, రెండేళ్ల కిందట భాద్రపదంలో ఆవిడకి పిత్తాశయంలో రాళ్లని విశాఖపట్నం తీసుకెళ్లారు. ఆపరేషను చేసి పది రోజులు కదలొద్దన్నారు.

నాలుగో రోజున తేనెగొందిలో సుక్రు చనిపోయాడు. డెబ్బై ఏళ్ల రైతు. అతని అక్క కొడుకు భీముడే ఆ ఊరి మా కార్యకర్త. చుట్టాలు తొమ్మిది ఊళ్లలో ఉన్నారు. వానలకి దారులు పాడైపోయాయి, మనిషిని పంపితే రెండు రోజులు పడుతుంది. శవాన్ని అంతసేపు ఉంచలేరు. భీముడు సిగ్నలు రాయెక్కి కబురు రాద్దామని చూస్తే, నలభై ఆరు రకాల్లో చావు లేదు. రమణక్కకి చేశాడు. ఆవిడ ఫోను ఆసుపత్రిలో రవికుమార్ దగ్గర ఆపి ఉంది. నాకు చేశాడు.

"కమలక్కా, ఏటి సేద్దును?"

మాక్రో తెరిచే ధైర్యం నాకు లేదు. "దగ్గరగా ఉన్నదేదో చూసి రాసెయ్ తమ్ముడూ, జనం వస్తే చాలు కదా" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.

అతను సమావేశం అన్న రకం తీసుకుని, పేరు దగ్గర సుక్రు అని, రోజు దగ్గర మంగళవారం అని రాసి, తొందర కబురుగా పంపేశాడు. మాక్రో ఎప్పట్లాగే విప్పింది. తొమ్మిది ఊళ్లలో ఫోన్లు మోగాయి. సోములమ్మ గొంతు ఎంతో హుషారుగా, ఆ వెనక నా గొంతు ఇలా చెప్పాయి: "మంగళవారం నాడు తేనెగొందిలో సుక్రు గారి సమావేశం జరుగుతుంది. అందరూ తప్పకుండా రావాలి. వచ్చేటప్పుడు ఆధార్ కార్డు, రేషను కార్డు నకళ్లు తెచ్చుకోవాలి. ఈసారి రానివాళ్లకి మళ్లీ అవకాశం ఉండదు."

జనం వచ్చారు. ప్లాస్టిక్ కవర్లలో కార్డుల నకళ్లు పట్టుకుని, వానలో తడుస్తూ, సుక్రు ఏదో పథకం తెచ్చాడు కాబోలనుకుంటూ కొండెక్కి వచ్చారు. వచ్చి చూస్తే వాకిట్లో శవం. సుక్రు భార్య తలెత్తి చూసేసరికి, ఆమె సొంత తమ్ముడు చేతిలో ఆధార్ నకలుతో నిలబడి ఉన్నాడు. ముందు ఆమెకి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపు ఆపేసి లోపలికి పోయి తలుపేసుకుంది. కొందరు గుంటపిల్లలు నవ్వారట. పెద్దవాళ్లు వాళ్లని కసిరారట.

రమణక్కకి ఎవరూ చెప్పకూడదనుకున్నాం. కానీ ఆవిడ ఆసుపత్రి మంచం మీద నుంచి అలవాటు కొద్దీ మా నంబరుకి మిస్డ్ కాల్ ఇచ్చింది, తన ప్రోగ్రాం నడుస్తోందో లేదో చూద్దామని. ఆ కబురు ఇంకా తిరుగుతూనే ఉంది. రవికుమార్ తర్వాత నాతో చెప్పాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విని, మళ్లీ ఇంకోసారి చేసి మొత్తం వినిందట. "కుట్లు పిగిలిపోతాయే, ఏడవకే" అని అతను బతిమాలాడట.

తిరిగొచ్చిన వారానికే నన్నూ సోములమ్మనీ వెంటబెట్టుకుని తేనెగొంది బయల్దేరింది. జీపు ఆగిన చోటి నుంచి గంటన్నర నడక. కడుపు మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా ఎక్కింది. సుక్రు భార్య వాకిట్లో రాగులు చెరుగుతోంది. రమణక్క ఆమె ముందు నేల మీద కూర్చుంది.

"పెద్దమ్మా, ఆ ఫోనులో అలా సెప్పించినది నానే. నా వల్లే జరిగింది. నన్ను తిట్టు" అంది.

ఆమె చేట ఆపలేదు. చెరుగుతూనే అంది. "మా ఆయనకి ఆధార్ కార్డే లేదమ్మా. ఏలిముద్రలు పడలేదని ఇవ్వనేదు." ఆ తర్వాత కొంచెం నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రమణక్క ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ భీముడు దగ్గరికొచ్చాడు. "అక్కా, తప్పు నాది. కానీ ఒక మాట. సావు కబురు ఎలా సెప్పాలో నాకు తెలవదనుకున్నావేటి? మా ఊర్లో పుట్టినోడికి ఎవుడికైనా తెలుసు. నాకు రాయడమూ వచ్చును. రాయడానికి నీ దాంట్లో సోటే నేదు."

"ఎలా సెప్తారు?" అని అడిగింది రమణక్క.

భీముడు సోములమ్మ కేసి చూశాడు. సోములమ్మే చెప్పింది. "మా ఊర్లో పేరు ముందు సెప్పం. ఆ ఇంట్లో ఎవులు తోడున్నారో ముందు సెప్తాం, ఇన్నోడు కంగారు పడకండా. తరవాత ఏ దారి బాగుందో సెప్తాం. ఆఖర్న పేరు. సచ్చిపోనాడు అని అనం. పొద్దు గూకింది అంటాం. మా సెల్లెలి ఊర్లో ఇలా కాదు, ఆళ్లది వేరే."

కొండ దిగి వచ్చాం. జీపు ఎక్కాక రమణక్క అంది: "కమలా, నలభై ఏడోది పెట్టి ఊరుకుందామనుకుని ఎక్కినాను. పెడితే తేనెగొందికి సరిపోద్ది. సెల్లెలి ఊరికి నలభై ఎనిమిది. అలా ఎన్ని పెడతాను? నాను మళ్లీ మంచాన పడితే? ఆడికి తెలిసినది ఆడే రాసుకునేటట్టు ఉండాల. నా మాక్రో కడుపు కొయ్యకండానే ఆడి ముక్క అందులో పనిచెయ్యాల."

ఆ మర్నాడే మొదలుపెట్టింది. తాను ఎంతో ముచ్చటగా పెంచుకున్న నాలుగొందల వరుసల్నీ పక్కకి నెట్టింది. ముందు ఒక పెద్ద పట్టీ, అంటే జాబితా, పెట్టింది. ఊళ్లవాళ్లు ఎవరు కొత్త రకం రాసినా ఆ పట్టీలో చేరాలి. కబురు మాక్రో ప్రతిసారీ ఆ పట్టీ చూసి, ఈ రకాన్ని ఎలా విప్పాలో తెలుసుకోవాలి. వినడానికి తేలిగ్గానే ఉంది. నడిపి చూస్తే పట్టీ ఎప్పుడూ ఖాళీగానే కనిపించింది. నాలుగు రోజులు తల పట్టుకుంది. ఐదో రోజు చింతపల్లి నుంచి జీపులో వస్తూ వస్తూ తన నెత్తి మీద తనే మొట్టుకుంది.

"ఏమైంది?" అన్నాడు రవికుమార్ బ్రేకు వేసి.

"విప్పడం ముందు జరుగుతాది. నడవడం తరవాత. పట్టీలో నింపే పని నడిసేటప్పుడు పెట్టినాను. వంటయ్యాక బియ్యం తెచ్చినట్టుంది నా తెలివి."

అతనికి ఏమీ అర్థం కాలేదు కానీ, "అయితే బియ్యం ముందే తే" అన్నాడు. ఆవిడ ఇంటికెళ్లి నింపే పనిని కూడా విప్పే వేళకే జరిపింది. పట్టీ నిండింది. భీముడు తొలి రకం రాశాడు. ఆ రాత బాగానే విప్పుకుంది. ఇంకో నలుగురు కార్యకర్తలు తలా ఒకటి రాశారు. మేము మిఠాయి తెప్పించుకుని తిన్నాం.

రెండు నెలలు బాగానే నడిచింది. మాఘమాసంలో ఇంకో చిక్కు వచ్చింది. ఇప్పలబంద వాళ్లు పిలుపు అని ఒక రకం రాసుకున్నారు, పెళ్లికి పిలవడానికి. ఆ తర్వాత తేనెగొంది వాళ్లు కూడా పిలుపు అనే ఇంకో రకం రాసుకున్నారు. అక్కడ పిలుపంటే ఇంటి మీద గడ్డి కప్పడానికి ఊరంతా సాయం రావడం. పట్టీ ఒక్కటే, పేరు ఒక్కటే. తర్వాత చేరినది ముందున్నదాన్ని తోసేసింది. ఇప్పలబందలో పెళ్లికి పిలిస్తే మగపెళ్లివారి తరఫు పదిహేను మంది కొడవళ్లూ తాళ్లూ పట్టుకుని తెల్లారేసరికి దిగారు. పెళ్లికూతురి తండ్రి హడలిపోయాడు. సంగతి తెలిశాక వాళ్లని కూర్చోబెట్టి గంజి పోయించాడు. వచ్చినవాళ్లు ఊరికే కూర్చోలేక పందిరి వేసి, దాని మీద గడ్డి కూడా కప్పేసి, అవే బట్టలతో పెళ్లిలో కూర్చున్నారు.

ఈసారి అందరూ నవ్వుకున్నారు. రమణక్క మాత్రం నవ్వలేదు. సంస్థ తరఫున విశాఖపట్నంలో ఉండే నరేష్ గారు ఆ వారం వచ్చి కూర్చున్నారు. మంచివారే, కానీ భయస్తులు.

"చూడండి రమణి గారూ, అందరికీ తాళంచెవి ఇచ్చేస్తే ఇలాగే ఉంటుంది. మళ్లీ పాత పద్ధతి పెట్టేయండి. మీరొక్కరే రాయండి. తప్పులుండవు" అన్నారాయన.

"సార్, తాళంచెవి నా ఒక్కదాని దగ్గరే ఉన్నప్పుడు జనాన్ని ఆధార్ కార్డులతో చావింటికి పంపాను" అంది రమణక్క. ఆయన దగ్గర ఆవిడ పుస్తకాల తెలుగే మాట్లాడుతుంది. "వాళ్ల తప్పు కాదిది. రెండు ఊళ్ల మాటల్ని ఒకే బుట్టలో వేసింది నేను. ఒక నెల ఇవ్వండి."

ఆయన ఇచ్చారు. ఆ నెలలో ఆవిడ పట్టీని తీసి పారేసింది. ఏ ఊరికి ఆ ఊరి ఫైలు పెట్టింది. ఒక మాటకి ఆ ఫైలులో ఏ అర్థం కట్టి ఉంటే అక్కడ అదే అర్థం. పక్క ఊరి మాట కావాలంటే ఆ ఊరి పేరు చెప్పి, అడిగి తెచ్చుకోవాలి. ఇష్టమైతే వేరే పేరు పెట్టుకుని తెచ్చుకోవచ్చు. కబురు మాక్రోకి ఇప్పుడు ఒక్కటే పని. బ్రాకెట్టులో తన తర్వాత వచ్చే మాటకి ఈ ఫైలులో విప్పే పద్ధతి ఎవరైనా కట్టారా అని చూస్తుంది. కట్టి ఉంటే మిగతా ముక్కలన్నీ దాని చేతికిచ్చి తప్పుకుంటుంది. లేకపోతే ఆగిపోయి తెలుగులో ఒక మాట చెబుతుంది: "ఈ మాట నాకు ఎవరూ నేర్పలేదు. మీకు తెలిస్తే నేర్పండి." ఆ వాక్యం రాయడానికి మాత్రం ఆవిడకి రెండు రోజులు పట్టింది. ముందు "తప్పు రకం" అని రాసింది. చదువుకుని, తప్పు ఆళ్లది కాదు కదా అని కొట్టేసింది.

నాలుగొందల వరుసల మాక్రో ముప్పై రెండు వరుసలయ్యింది. డాక్టరు, బస్సు, రేషను కూడా బయటికొచ్చి, ఊళ్లవాళ్లు రాసినవాటి పక్కనే, వాటిలాగే మామూలు రకాలుగా కూర్చున్నాయి. సమావేశంలోంచి ఆధార్ కార్డు వాక్యాన్ని ఆవిడే తన చేత్తో తీసేసింది.

పది మంది కార్యకర్తల్నీ పిలిచి మూడు రోజులు నేర్పింది. గదిలో చాప పరిచి, కరెంటు పోతే కిటికీ దగ్గరికి జరుగుతూ. కొత్త రకం రాసేవాడు ముందు దానికి ఏమేం కావాలో చెప్పాలి, రోజా, చోటా, మనిషి పేరా అని. అవి లేకుండా ఎవరైనా కబురు పంపితే యంత్రమే అడుగుతుంది. చివర్న ఊరి పేరు, రాసిన మనిషి పేరు ఉండాలి. భీముడు తన చావు కబురుని కొత్త పద్ధతిలో మళ్లీ రాశాడు. సోములమ్మ కొత్తగా గొంతు ఇచ్చింది. ఆ రోజు ఆమె ఎంత మెల్లగా మాట్లాడిందంటే, నేను మైకు ఇంకాస్త దగ్గరికి జరపాల్సి వచ్చింది. సుక్రు భార్యకి దాన్ని ముందుగా వినిపించాకే వాడుకలో పెట్టారు.

ఆ తర్వాత ఊళ్లు ఒక్కొక్కటే మాటలు నేర్పడం మొదలుపెట్టాయి. తప్పిపోయిన ఆవుకి ఒకటి. అడవిలో ఏనుగులకి రెండు, దూరంగా ఉన్నవాటికొకటి, దగ్గరికొచ్చినవాటికొకటి. చర్చిలో ప్రార్థనకి ఒకటి. పనస కోతకి ఒకటి. కొన్ని చూస్తే రమణక్క ఎప్పటికీ రాయలేనివి. ఒక ఊళ్లో, "ఏమీ లేదు, అందరూ బాగున్నాం" అని చెప్పడానికే ఒక రకం రాసుకున్నారు. వలస పోయిన వాళ్లు ఎక్కడో కూలి పనిలో ఉండి మిస్డ్ కాల్ ఇస్తే, వాళ్లకి ఆ కబురు వినబడుతుంది.

అన్నీ బాగానే ఉన్నాయి కానీ, రమణక్క ఫోను మోగడం మానేసింది.

మొదట్లో నేను గమనించలేదు. అన్నం తింటూ ఫోను పక్కన పెట్టుకునేది. మధ్యలో తీసి సిగ్నలుందా అని చూసేది. ఒకరోజు, "సంతకెళ్లి సోములమ్మ ఫోనులో కొత్త కబురు విన్నాను. తేలు కుడితే ఏటి సెయ్యాలో సెప్తోంది. ఎవులు రాసేరో ఫైలు తీసి సూస్తేగానీ నాకు తెలవనేదు. నన్ను అడగనే లేదు" అంది నాతో.

"అడక్కుండా రాసుకోవాలనే కదా రమణక్కా నువ్వు చేసింది?"

"అదే కదా" అంది. ఫోను ఇంకోసారి తీసి చూసి, "అయినా ఒక ఫోను చేస్తే ఏటి పోయింది?" అంది. ఆ మాట అన్నందుకు తనే సిగ్గుపడి నవ్వేసింది. ఆ తర్వాతి చలికాలమంతా ఆవిడ కొంచెం దిగులుగానే ఉంది. పైకి చెప్పేది కాదు. బల్ల తుడిచిందే తుడిచేది. వరహాలరావు కూడా ఒకసారి నన్ను పక్కకి పిలిచి, "రమణమ్మకి ఒంట్లో బాగుందా? బ్రాకెట్లు తగ్గిపోనాయి" అని అడిగాడు.

మొన్నటి ఫాల్గుణంలో ఒక ఫోను వచ్చింది. తెలియని నంబరు. ఆడగొంతు.

"రమణక్కేనా మాట్లాడేది? నా పేరు కనక. మాది కురుపాం దగ్గర కొండ మీద ఊరు. మీ కబురు మేం కూడా వాడుతున్నాం. ఒక శిక్షణలో మీ భీముడు ఇచ్చినాడు. నానొక పని సేసినాను, తప్పో రైటో తెలవట్లేదు. మీరు సూస్తారా?"

కనక ఫోనులోంచి పంపిన ఫైలు రమణక్క తెరిచింది. నేను పక్కనే ఉన్నాను. ముందు భ్రుకుటి ముడిపడింది. తర్వాత కుర్చీ ముందుకు లాక్కుంది. తర్వాత, "అబ్బో" అంది.

కనక ఊళ్లో చింతపండుకి ఒక కబురు, కొండచీపుళ్లకి ఒకటి, అడ్డాకులకి ఒకటి, పసుపుకి ఒకటి అలా పది పన్నెండు కావలసి వచ్చాయట. అన్నిటికీ ఒకటే వరుస, సరుకు పేరు, కొనేవాడు వచ్చే చోటు, ఆరబెట్టాల్సిన తీరు. ఒకటే రాతని పన్నెండు సార్లు రాయడానికి ఆమెకి విసుగొచ్చింది. అందుకని ఆమె కొత్త రకాల్ని పుట్టించే ఒక మాక్రో రాసింది. దానికి సరుకు పేరు చెబితే చాలు, అదే ఒక కొత్త రకాన్ని తయారుచేసి కబురుకి నేర్పేస్తుంది.

"కమలా, నాను మాట నేర్పడానికి దారి పెట్టినాను. ఈ అమ్మాయి ఆ నేర్పడమే ఇంకో మాట సేసేసింది. ఇది నాకు తట్టనే నేదు" అంది రమణక్క. అప్పటికప్పుడు కనకకి ఫోన్ చేసింది. "తప్పు కాదమ్మా, చాలా బాగుంది. కానీ ఒక సోట నాకు అర్థం కాలేదు. ఫోనులో కాదు, నానే వస్తాను. ఎక్కడుంటావు?"

"నాకా? నాను బుధవారం గుమ్మలక్ష్మీపురం సంతలో సీపుర్లు అమ్ముకుంటాను" అంది కనక ఆశ్చర్యపోతూ.

ఇక్కణ్ణుంచి అక్కడికి బస్సులు మారుతూ ఒకటిన్నర రోజు. రవికుమార్ వద్దన్నాడు. నరేష్ గారు ఫోనులో మాట్లాడితే సరిపోతుంది కదా అన్నారు. ఆవిడ వినలేదు. సంచిలో ఒక చీర, నోటు పుస్తకం పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని బయల్దేరింది. నర్సీపట్నంలో మా పుట్టింట్లో పడుకుని, తెల్లవారకముందే విజయనగరం బస్సెక్కి, పార్వతీపురంలో మళ్లీ మారి, సంత మంచి పోటు మీద ఉండగా దిగాం.

కనక పాతికేళ్ల పిల్ల. చీపురుకట్టల మధ్య గోనెపట్టా మీద కూర్చుని ఉంది. రమణక్క తన పేరు చెప్పగానే గభాల్న లేచి, ఏం చెయ్యాలో తోచక, పక్కనున్న చెరుకు ముక్క విరిచి రమణక్క చేతిలో పెట్టింది. "ఇంత దూరం నాకోసం వచ్చినారేటక్కా! బేగి కూకోండి, ఎండగుంది."

రమణక్క గోనెపట్టా మీద కూర్చుని నోటు పుస్తకం తెరిచింది. కనక ఫోనులో ఫైలు తీసి వేలితో చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. సంత గోలలో సగం వినబడక రమణక్క చెవి ఆమె నోటి దగ్గర పెట్టింది. రెండు మాటలు చెప్పేలోగా ఒక ముసలాయన వచ్చి చీపురు తిరగేసి ఎంత అని అడిగాడు. కనక చెప్పి, మళ్లీ ఫైలు అందుకునేసరికి ఇంకొకావిడ.

"నువ్వు సెప్పు కనకా, బేరం నాను సూస్తాను" అని రమణక్క చీపురుకట్టలు తన ముందుకు లాక్కుంది. ఒక చేత్తో కట్ట ఎత్తి వచ్చేవాళ్లకి చూపిస్తూ, ఇంకో చేత్తో పుస్తకంలో రాసుకుంటూ, మధ్యలో తల తిప్పి, "ఆగాగు, ఆ బ్రాకెట్టు అక్కడెందుకు మూసినావు? అది ఇంకోసారి సెప్పు" అంటోంది. కనక నవ్వి మొదటినుంచీ మళ్లీ మొదలుపెట్టింది.